డాబా మీద డిష్, ఎదురుగా కొబ్బరి చెట్టు: మధ్యాహ్నం గాలి లేస్తే బొమ్మ ఆగిపోతోంది, ఎక్కడికి మార్చాలి?

ప్రశ్న: కోనసీమ అబ్బాయి (ప్రస్తుతం హైదరాబాదు), సెప్టెంబరు 14

అందరికీ నమస్కారం. అమలాపురానికి దగ్గరలో ఉన్న మా ఊళ్ళో, డాబా మీద బిగించిన డీడీ ఫ్రీ డిష్ విషయంలో మీ సలహా కోరుతూ ఇది రాస్తున్నాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళ నొప్పుల వల్ల బయటకు ఎక్కువగా వెళ్ళలేదు కాబట్టి, మధ్యాహ్నం భోజనం అయ్యాక కాసేపు సప్తగిరి ఛానల్ చూడటమే ఆవిడకు కాలక్షేపం. సరిగ్గా ఆ వేళకే బొమ్మ చతురస్రాలుగా ముక్కలై ఆగిపోతోంది, మాట తెగిపోతోంది.

డిష్ 60 సెంటీమీటర్లది. ఆరేళ్ళ క్రితం పిట్టగోడకు ఆనించి బిగించారు. నాలుగేళ్ళపాటు ఏ ఇబ్బందీ రాలేదు. కిందటేడు వేసవి నుంచి ఈ తంతు మొదలైంది. ఉదయం తొమ్మిది, పది గంటల దాకా బొమ్మ చక్కగా వస్తుంది. సముద్రం మీది నుంచి గాలి తిరిగిన తరువాత, అంటే ఒంటిగంట, రెండు గంటల ప్రాంతంలో చెడటం మొదలై, చీకటి పడి గాలి తగ్గాక మళ్ళీ దానంతట అదే బాగవుతుంది. వాన వెలిసిన తరువాత గాలి వీస్తే మరీ ఎక్కువగా చెడుతుంది. సెట్‌టాప్ బాక్సులో చూస్తే స్ట్రెంగ్త్ ఎప్పుడూ 85 దగ్గరే నిలకడగా ఉంటుంది, క్వాలిటీ మాత్రం మధ్యాహ్నం పూట 60 నుంచి 20 మధ్య ఊగిసలాడుతుంది.

మా ఊరికి వచ్చే మెకానిక్ ఇప్పటికి రెండుసార్లు చూశారు. మొదటిసారి డిష్ ముందు సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ మార్చారు, రెండోసారి కేబుల్ చివర్ల కనెక్టర్లు మార్చారు. మార్పేమీ లేదు. ఇప్పుడు పది అడుగుల ఇనుప పైపు నిలబెట్టి దాని మీద డిష్ ఎక్కిస్తానని అంటున్నారు. డిష్‌కు ఎదురుగా, మా పెరట్లో, నాన్నగారు నాటిన కొబ్బరి చెట్టు ఒకటి ఉంది. అనుమానం నాకు దాని మీదే. అయితే మెకానిక్ చెప్పిన మాటలోనూ న్యాయం ఉన్నట్టే తోస్తోంది: డిష్ ముఖం చెట్టు మాను నడిమి భాగానికి ఎదురుగా ఉంది, మాను అక్కడి నుంచి కదలదు కదా, చెట్టే అడ్డమైతే ఉదయం మాత్రం బొమ్మ ఎలా వస్తుంది అన్నది ఆయన ప్రశ్న. పోతే, నేను ఫోనులోని డిష్ యాప్ తెరిచి చూస్తే దిశ 138 డిగ్రీలు, ఎత్తు 63 డిగ్రీలు అని చూపించింది. అవే అంకెలు మెకానిక్‌కు ఫోనులో చెప్పాను.

నాన్నగారు పోయి మూడేళ్ళయింది. ఆ చెట్టు కొట్టించడానికి అమ్మ ఒప్పుకోదు, కొట్టించాలని నాకూ లేదు. డిష్ ఎక్కడ పెడితే నిలకడగా పనిచేస్తుందో, 90 సెంటీమీటర్ల డిష్ కొంటే ప్రయోజనం ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పాలకొల్లు డిష్ మెకానిక్, సెప్టెంబరు 14

నమస్కారమండీ. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, మీరు రాసిన లక్షణాలన్నీ నాకు బాగా పరిచయమైనవే. మీ అనుమానం నిజం, అడ్డు చెట్టుదే. అది మానుతో వస్తున్న అడ్డు కాదు, మట్టలతో వస్తున్న అడ్డు.

ముందుగా మీ యాప్ సంగతి. అది మీరు కూర్చున్న హైదరాబాదుకు లెక్క కట్టి చెప్పింది, మీ ఊరికి కాదు. ఫ్రీ డిష్ ఛానళ్ళు వచ్చేది భూమధ్యరేఖకు ఎగువన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి. హైదరాబాదు నుంచి చూస్తే అది 138 డిగ్రీల దిశలో, 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అమలాపురం నుంచి చూస్తే దిశ 144 లేక 145, ఎత్తు 66 లేక 67 డిగ్రీలు అవుతుంది. ఎత్తును నేల మట్టం నుంచి పైకి, దిశను ఉత్తరం నుంచి తూర్పు మీదుగా లెక్కపెడతారు కాబట్టి, మామూలు మాటల్లో చెప్పాలంటే వంటిల్లు ఉండే ఆగ్నేయ మూల నుంచి దక్షిణం వైపు మరో తొమ్మిది, పది డిగ్రీలు తిరిగితే సరిపోతుంది. యాప్‌లో స్థలాన్ని చేత్తో మార్చుకునే వీలుంటుంది, లేదంటే ఊళ్ళో ఉన్నవారి ఫోనులోనే చూడమనండి. ఫోను దిక్సూచిని ఇనుప పైపుకు, నీళ్ళ ట్యాంకు స్టాండుకు కనీసం ఆరేడు అడుగుల దూరంలో ఉంచి చూడాలి. ఇనుము పక్కనే పెడితే ముల్లు పది, ఇరవై డిగ్రీలు పక్కకు పోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఇక అసలు సంగతి. డిష్ ముఖం ఎటు చూస్తోందో సిగ్నల్ కూడా అటు నుంచే వస్తోందనుకోవడం పొరపాటు. మన ఇళ్ళ మీద ఉండే 60 సెంటీమీటర్ల డిష్‌లన్నీ ఆఫ్‌సెట్ రకానివి, అంటే ఎల్‌ఎన్‌బీ పళ్ళెం నడిమికి ఎదురుగా కాకుండా కింది అంచు వైపు ఉండేవి. ఇలాంటి డిష్ తన ముఖం చూపే దిక్కు కన్నా సుమారు 25 డిగ్రీలు పైనుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టి ఎల్‌ఎన్‌బీ మీదికి పంపిస్తుంది. తయారీని బట్టి ఇది ఒకటి, రెండు డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు. మీ డిష్ ముఖం 41, 42 డిగ్రీల ఎత్తు వైపు తిరిగి మానుకు ఎదురుగా కనబడుతుంది, కానీ అది నిజంగా చూస్తున్నది 66 డిగ్రీల ఎత్తును, అంటే చెట్టు తలకు పైన ఉన్న ఆకాశాన్ని. అందుకే మాను ఎదురుగా ఉన్నా నాలుగేళ్ళు బొమ్మ వచ్చింది. చెట్టు పెరిగింది, మొవ్వు ఆ దారికి దగ్గరైంది. మీ ఊరికి సముద్రం దక్షిణాన, ఆగ్నేయాన ఉంది కాబట్టి మధ్యాహ్నపు గాలి మట్టలను సరిగ్గా మీ డాబా వైపే వంచుతుంది. వంగిన మట్ట దారిలోకి వస్తే క్వాలిటీ పడిపోతుంది, వెనక్కి పోతే లేస్తుంది. వాన వెలిశాక తడి ఆకు ఇంకా ఎక్కువ సిగ్నల్ మింగుతుంది.

స్ట్రెంగ్త్ 85 దగ్గర నిలకడగా ఉండటాన్ని చూసి మోసపోకండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అంది, కేబుల్ బాగుంటే చాలు, ఆ గీత పెద్దదిగానే కనబడుతుంది. బొమ్మ నిలబడేది క్వాలిటీ గీత మీద.

పది అడుగుల పైపు మాత్రం వేయించవద్దు. ఎందుకో లెక్కతో చెప్పాలంటే నాకు మూడు కొలతలు కావాలి: డిష్ నుంచి మాను దాకా అడ్డంగా ఎంత దూరం, డిష్ కన్నా చెట్టు తల ఎంత ఎత్తు, డాబా మీద డిష్ వెనుక ఎంత జాగా ఉంది. చెట్టు ఎత్తు ఎలా కొలవాలా అని ఆలోచించకండి, ఈసారి కొబ్బరికాయల దింపుకు మనిషి వచ్చినప్పుడు మొలకు తాడు కట్టి పంపిస్తే సరిపోతుంది.

కోనసీమ అబ్బాయి, సెప్టెంబరు 18

చాలా కృతజ్ఞతలండీ. యాప్‌లో స్థలం మార్చి చూశాను, మీరు చెప్పిన అంకెలే వచ్చాయి. నిన్న దింపు తీయడానికి మనిషి వచ్చారు. మా పిన్ని కొడుకు ఆయన చేత తాడు పట్టించి, కింద టేపు పెట్టి కొలిచాడు. మట్టలు మొదలయ్యే చోటు నేల నుంచి 59 అడుగులు. డిష్ ఉన్న ఎత్తు నేల నుంచి 15 అడుగులు, అంటే చెట్టు తల డిష్ కన్నా 44 అడుగులు పైన ఉంది. డిష్ కింది నేల నుంచి మాను దాకా అడ్డంగా 33 అడుగులు. మట్టలు పొడుగాటివి, రాలిన ఒకదాన్ని కొలిస్తే 15 అడుగులు ఉంది. డిష్ ఇప్పుడు డాబాకు ఆగ్నేయపు అంచున ఉంది, దాని వెనుక వాయవ్యం వైపు 20 అడుగులకు పైగా ఖాళీ జాగా ఉంది.

జవాబు: పాలకొల్లు డిష్ మెకానిక్, సెప్టెంబరు 18

కొలతలు చక్కగా తీశారు. ఇప్పుడు చూడండి. 66.5 డిగ్రీల ఏటవాలులో డిష్ నుంచి అడ్డంగా ఒక అడుగు జరిగితే సిగ్నల్ దారి 2.3 అడుగులు పైకి పోతుంది. ఆ లెక్కన 33 అడుగుల దూరాన, అంటే మాను ఉన్న చోట, దారి డిష్ కన్నా 76 అడుగుల ఎత్తులో ఉంటుంది. మట్టలు మొదలయ్యేది 44 దగ్గర కాబట్టి నిలువునా 32 అడుగుల తేడా ఉంది. వినడానికి చాలా ఎక్కువలా ఉంటుంది. కానీ దారి బాగా నిటారుగా పోతోంది కాబట్టి మొవ్వు నుంచి ఆ దారికి ఉన్న దగ్గరి దూరం అందులో నాలుగు పదోవంతులే, అంటే సుమారు 13 అడుగులు. మీ మట్ట పొడవు 15 అడుగులు. మిగతాది నేను చెప్పనక్కరలేదు.

డిష్‌ను ఒక అడుగు పైకి లేపితే ఈ ఖాళీ ఐదు అంగుళాలకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. ఒక అడుగు వెనక్కి, చెట్టుకు దూరంగా జరిపితే పదకొండు అంగుళాలు పెరుగుతుంది. పది అడుగుల పైపు వేసి సంపాదించే నాలుగు అడుగుల ఖాళీని నాలుగున్నర అడుగులు వెనక్కి జరిపి, డాబా మీదే గట్టిగా బిగించి సంపాదించవచ్చు. పైగా అంత పొడుగు పైపు గాలికి కాస్త ఊగినా చాలు, ఒకటి రెండు డిగ్రీలు పక్కకు పోయి, చెట్టు లేకపోయినా ఇదే జబ్బు వస్తుంది. మన తీరంలో తుపాను గాలికి అలాంటి పైపులు వంగిపోవడం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కాబట్టి ఎనిమిది అడుగులు వెనక్కి జరపండి. ఖాళీ 20 అడుగులు అవుతుంది. చెట్టు ఏడాదికి ఒక అడుగు పెరిగినా ఖాళీ తగ్గేది ఐదు అంగుళాలే.

బిగించే పనిలో మూడు చోట్ల శ్రద్ధ పెట్టమని మీ మెకానిక్‌కు చెప్పండి. మొదటిది, కురచ పైపు సరిగ్గా నిటారుగా ఉండాలి. తాపీమేస్త్రీ దగ్గర తూకం గుండు గానీ రసమట్టం గానీ తీసుకుని, పైపుకు రెండు పక్కల పెట్టి చూడాలి. పైపు ఏ కాస్త వాలి ఉన్నా, డిష్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతూ మనిషిని గంటల తరబడి తిప్పలు పెడుతుంది.

రెండోది, పక్క ఉపగ్రహాన్ని చూసి ఇదే అనుకోవద్దు. 95 డిగ్రీల దగ్గర డిష్ టీవీ వారు వాడే ఎస్‌ఈఎస్-8 ఉంది, మీ ఊరి నుంచి దాని దిశ 141, ఎత్తు 65. అంటే ఆకాశంలో మన ఉపగ్రహానికి రెండు డిగ్రీల లోపే ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు సుమారు మూడు డిగ్రీల వెడల్పు కాబట్టి రెండింటికీ గీతలు లేస్తాయి. బాక్సు మెనూలో 11090 ఫ్రీక్వెన్సీ, 29500 సింబల్ రేటు, వర్టికల్ అని పెట్టి క్వాలిటీ చూస్తే, అది లేచిన చోటే మన చోటు. సన్ డైరెక్ట్ కూడా జీశాట్-15 మీదే ఉంది కాబట్టి వీధిలో ఆ డిష్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే దిశ ఇంచుమించుగా తెలిసిపోతుంది. టాటా ప్లే డిష్‌లను చూసి తిప్పకండి, వాటి ఉపగ్రహం 83 డిగ్రీల దగ్గరిది, మీ ఊరికి దాదాపు నేరుగా దక్షిణాన ఉంటుంది. ఎయిర్‌టెల్ వారిది 108.2, అది మరీ తూర్పుకు, మరీ కిందికి ఉంటుంది.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, ఎల్‌ఎన్‌బీ మెలిక. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేదు కాబట్టి దాని నిలువు తరంగం మన దగ్గరికి ఒరిగి వస్తుంది. మీ ఊళ్ళో ఆ ఒరుగు సుమారు 34 డిగ్రీలు. డిష్ వెనుక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తూ, ఎల్‌ఎన్‌బీని గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా అంత మేర తిప్పాలి. ఎత్తు, దిశ కుదిరాక దీన్ని మెల్లగా తిప్పి చూస్తే క్వాలిటీ మరో పది దాకా పెరగడం మీకే కనబడుతుంది.

జవాబు: విశ్రాంత భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు (రాజమహేంద్రవరం), సెప్టెంబరు 19

మెకానిక్ గారు లెక్క ఎంతో చక్కగా విడమరిచారు. దానికి తోడుగా, అడ్డు ఉందో లేదో కంటితో నిర్ధారించుకునే పద్ధతి ఒకటి చెబుతాను. దానికి ఏ పరికరమూ అవసరం లేదు, సమయం కూడా బాగా కలిసి వచ్చింది.

సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, మన నుంచి చూసినప్పుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన ఉంది, మనం దానికి ఉత్తరాన ఉన్నాం కాబట్టి మన చూపుకు అది నక్షత్రాల నేపథ్యంలో మూడు డిగ్రీలకు కొంచెం తక్కువగా దక్షిణానికి ఒరిగి కనబడే స్థానంలో ఉంటుంది. సూర్యుడు ఆ స్థానానికి వచ్చేది పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి విషువత్తుకు వారం రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు వారం రోజుల తరువాత. మీ ఊరికి, ఈ ఉపగ్రహానికి లెక్క కట్టి చూశాను. మార్చిలో 12, 13 తేదీల్లో ఉదయం 11 గంటల 18 నిమిషాల ప్రాంతంలోనూ, ఈ నెలాఖరున 30వ తేదీకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఉదయం 10 గంటల 58 నిమిషాల ప్రాంతంలోనూ సూర్యుడు, ఉపగ్రహం, మీ డిష్ ఒకే సరళ రేఖ మీద ఉంటాయి.

ఆ వేళకు సూర్యకిరణం ఏ దారిన డాబా మీదికి దిగుతోందో, సిగ్నల్ కూడా సరిగ్గా అదే దారిన దిగుతుంది. కాబట్టి కొబ్బరి మట్టల నీడ ఎంతవరకు పడుతోందో, అంతవరకు ఆ చెట్టు ఉపగ్రహాన్ని మరుగుపరుస్తున్నట్టే. ఇంట్లో ఉన్నవారిని ఆ రోజు 10 గంటల 50 నిమిషాలకే డాబా ఎక్కి, నీడ అంచు వెంట సుద్దముక్కతో గీత గీయమని చెప్పండి. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాడు కాబట్టి 11 గంటల 5 నిమిషాల దాకా రెండు మూడు గీతలు గీస్తే మరీ మంచిది. గాలికి మట్ట ఊగినప్పుడు నీడ ఎంత ముందుకు వస్తోందో కూడా గుర్తు పెట్టాలి. మీ ఇబ్బందికి మూలం ఆ ఊగే నీడే. చూడవలసింది నీడను, సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని పిల్లవాడికి తప్పక చెప్పండి.

ఇందులోనే ఇంకో సౌకర్యం ఉంది. డిష్ నడిమి భాగాన గోరంత అద్దం ముక్కను జిగురు టేపుతో పళ్ళేనికి పూర్తిగా అంటుకునేలా అతికించండి. డిష్ సరైన దిక్కులో ఉంటే ఆ వేళకు అద్దం మీది వెలుగు మచ్చ ఎల్‌ఎన్‌బీ మూత మీద పడుతుంది. మూతకు పక్కనో, కిందో పడితే డిష్ ఎటు తిరగాలో ఆ మచ్చే చూపిస్తుంది. మా పాఠశాల డాబా మీద ఈ ప్రయోగాన్ని పిల్లల చేత చాలా ఏళ్ళు చేయించాను. వెలుగు మచ్చ మెల్లగా పాకుతూ వచ్చి మూత మీదికి ఎక్కిన క్షణాన, ఉపగ్రహం ఎక్కడుందో వాళ్ళకు మొదటిసారి నిజంగా అర్థమయ్యేది.

అదే వేళకు టీవీ చూస్తున్నవారికి కొన్ని నిమిషాలు బొమ్మ చెడవచ్చు. సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొద ఉపగ్రహపు సన్నని సిగ్నల్‌ను కప్పేయడం వల్ల అలా జరుగుతుంది. అది డిష్ లోపం కాదు, రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది. దాన్ని చూసి మళ్ళీ ఎల్‌ఎన్‌బీ మార్పించకండి.

ఆకు అడ్డం వస్తేనే ఇంత తేడా ఎందుకన్న సందేహం మీకు వచ్చి ఉంటుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ (SITE) అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ అందించారు. అప్పటి డిష్ కోళ్ళ గూటికి వాడే తీగ వలతో చేసినది, మూడు మీటర్ల వెడల్పుది. ఆ తరంగం పొడవు 35 సెంటీమీటర్లు, వల కన్నుల గుండా జారిపోయేది కాదు. ఇప్పుడు మన ఇళ్ళకు వస్తున్న తరంగం పొడవు మూడు సెంటీమీటర్ల లోపే. అందుకే 60 సెంటీమీటర్ల పళ్ళెం సరిపోతోంది, అందుకే కొబ్బరాకు, వాన చినుకు కూడా దాన్ని ఆపగలుగుతున్నాయి.

90 సెంటీమీటర్ల డిష్ గురించి అడిగారు. దాని వైశాల్యం 60 దానికి రెండుంపావు రెట్లు కాబట్టి జోరువానలో బొమ్మ ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. చెట్టు అడ్డాన్ని మాత్రం అది తీర్చదు. పైగా దానికి గాలి తాకిడి ఎక్కువ, చూపు వెడల్పు రెండు డిగ్రీలకు తగ్గుతుంది కాబట్టి బిగింపు ఇంకా కచ్చితంగా ఉండాలి. ముందు చోటు మార్చండి, ఆ తరువాత కూడా వానల్లో ఇబ్బంది ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

జవాబు: భీమవరం గృహిణి, సెప్టెంబరు 21

మాదీ చెరువుల గాలి, ఉప్పు గాలి తగిలే ఇల్లే కాబట్టి ఒక్క మాట చెప్పాలనిపించింది. మీ కనెక్టర్లు మార్చి ఎన్నాళ్ళయిందో గానీ, డిష్ జరిపేటప్పుడు వాటిని ఒకసారి విప్పి చూడమనండి. మా ఇంట్లో కిందటి కార్తీకంలో ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్ విప్పితే, రాగి తీగ కొన పచ్చగా చిలుము పట్టి, సూది మొనంత సన్నబడి ఉంది. లోపల అల్లిక తీగ తడిసి నల్లబడింది. బయటికి మాత్రం టేపు చుట్టి ఉండటం వల్ల ఏమీ తెలియలేదు. నల్ల టేపు ఎండకు ఊడిపోయి, నీళ్ళు లోపలే నిలవ ఉండటానికి పనికొస్తుంది తప్ప కాపాడదు. సాగదీసి చుడితే ఒకదానికొకటి అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది, అది చుట్టించండి. కేబుల్ కిటికీలోకి దిగే ముందు బయట ఒక వంపు కిందికి వేలాడేలా వదిలితే వాన నీరు అక్కడే బొట్లుగా కారిపోతుంది, ఇంట్లోకి రాదు. జరిపినప్పుడు కేబుల్ చాలక మధ్యలో అతుకు వేస్తామంటారు, అది ఒప్పుకోకుండా ఆర్‌జీ-6 కేబుల్ మొత్తం ఒకే ముక్కగా వేయించండి.

కోనసీమ అబ్బాయి, అక్టోబరు 3

ఒక పూట సెలవు కలుపుకుని 29వ తేదీ రాత్రి ఊరికి వెళ్ళాను. 30వ తేదీ ఉదయం మాస్టారు చెప్పినట్టు 10 గంటల 50 నిమిషాలకు నేను, పిన్ని కొడుకు సుద్దముక్కతో డాబా ఎక్కాం. అమ్మ కూడా రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి వచ్చింది.

ఆ వేళకు గాలి పెద్దగా లేదు. మట్టల నీడ డిష్‌కు ముందు రెండు అడుగుల దూరంలో ఆగి ఉంది, ఒకటి రెండు ఆకు కొనల నీడ మాత్రం డిష్ కింది అంచును తాకుతోంది. సరిగ్గా 11 గంటలకు దక్షిణం నుంచి ఒక చిన్న తెర వీచింది. రెండు మట్టల నీడ ఒక్కసారిగా తెల్లటి పళ్ళెం మీదుగా దువ్వెన పళ్ళలా జారి, ఎల్‌ఎన్‌బీని దాటి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఏడాదిన్నరగా అమ్మ చూస్తున్న చతురస్రాలకు కారణం అక్కడ కళ్ళారా కనబడింది. అమ్మ చెట్టు వైపు చూసి, ఈయన ఇంత ఎత్తు ఎదిగాడా అంది.

గాలికి నీడ ముందుకు వచ్చిన చివరి చోటు డిష్ స్థంభం నుంచి వెనక్కి మూడున్నర అడుగులు. లెక్క ప్రకారం ఎనిమిది అడుగులు అన్నారు కాబట్టి అక్కడే గుర్తు పెట్టాం. మెకానిక్ కూడా మధ్యాహ్నం వచ్చి సుద్ద గీతలు చూశారు, ఇంకేమీ వాదించకుండా పని మొదలుపెట్టారు. స్లాబ్ లీకు కాకుండా చిన్న సిమెంటు దిమ్మె పోసి, అందులో మూడడుగుల పైపు నిలబెట్టి, తూకం గుండు పట్టి చూశారు. దిమ్మె ఆరడానికి ఒక రోజు వదిలి, డిష్ నిన్న ఉదయం ఎక్కించారు. కనెక్టర్ విప్పితే భీమవరం అమ్మగారు చెప్పిన చిలుము మా దగ్గరా మొదలైంది, కొత్త కేబుల్ ఒకే ముక్కగా వేయించాను.

అద్దం ముక్క కూడా నిన్ననే అతికించాం. 10 గంటల 57 నిమిషాలకు వెలుగు మచ్చ ఎల్‌ఎన్‌బీ మూతకు ఎడమ పక్కన వేలెడు దూరంలో ఉంది. డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ దాన్ని మూత మీదికి తెచ్చి, ఆ తరువాత బాక్సులో చూస్తే క్వాలిటీ 64. ఎల్‌ఎన్‌బీ మెలిక ఇంతకు ముందు అసలు వేయలేదట, నిటారుగానే ఉండేది. దాన్ని తిప్పాక 78కి వెళ్ళింది. నిన్న మధ్యాహ్నం గాలి బాగా వీచింది. రెండున్నర నుంచి నాలుగున్నర దాకా అమ్మ పక్కనే కూర్చుని చూశాను, 75 కన్నా కిందికి రాలేదు.

ఒక్క సందేహం మిగిలింది. బోల్టులు పూర్తిగా బిగించిన తరువాత క్వాలిటీ 78 నుంచి 76కి తగ్గింది. పట్టించుకోవాలా?

జవాబు: పాలకొల్లు డిష్ మెకానిక్, అక్టోబరు 3

చాలా సంతోషమండీ. రెండు పాయింట్లు తగ్గడం పెద్ద విషయం కాదు, కానీ సరిచేయించుకోవడం తేలికే. ఒక బోల్టును ఒకేసారి చివరిదాకా బిగిస్తే డిష్ అటువైపుకు లాగబడుతుంది. నాలుగూ కొంచెం సడలించి, డిష్‌ను ఎడమకు తోస్తూ క్వాలిటీ పది పాయింట్లు పడిన చోట పైపు మీద పెన్సిలుతో ఒక గీత, కుడికి తోస్తూ అలాగే పడిన చోట ఇంకో గీత పెట్టాలి. రెండింటికీ సరిగ్గా మధ్య నిలిపి, ఎదురెదురు బోల్టులను సగం సగం చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. బాక్సులో అంకె మారడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి, కదిపిన ప్రతిసారీ ఆగి చూడాలి. ఎత్తు బోల్టులకూ ఇదే పద్ధతి. పని అయ్యాక ఆ పెన్సిలు గీతను చెరగని పెయింటుతో దిద్ది ఉంచమనండి, తుపానుకు డిష్ జరిగితే నేను గానీ మీ మెకానిక్ గానీ అక్కడ లేకపోయినా మీ తమ్ముడే గీతకు గీత కలిపి నిలబెట్టగలడు.